రిజిస్టర్లో లేని జ్ఞానతల్లి

ఇలుమినాదా పబియోనా ఇంట్లో తలుపు వెనక మేకుకి ఎప్పుడూ ఒక గౌను వేలాడుతూ ఉంటుంది. లేత నీలం రంగు, తెల్ల కాలరు. ఇస్త్రీ చెడకుండా పైన ఒక పాత దుప్పటి ముక్క కప్పి ఉంటుంది. మా ఊరి చర్చికి సరిగ్గా ఎదురిల్లు ఆమెది. చర్చిలో బల్లల మీద పరిచే గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం ఆమె పని. వయసు అరవై ఎనిమిది. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో అందరూ నానాయ్ లూమింగ్ అంటారు. నానాయ్ అంటే మాకు అమ్మ.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఊరేగింపులో పల్లకీ ముందు నడిచేవాళ్ళ గురించి మావాళ్ళు పాటలు కూడా కడతారు గానీ పల్లకీ మీద గుడ్డ ఉతికిన మనిషి గురించి ఎవరు రాస్తారు? నా చెల్లెలు రోసెల్, దాని కూతురు ఈ రోజు ప్రాణాలతో ఉన్నారంటే అది ఈమె పుణ్యం. వాళ్ళని ముంచబోయింది తుఫాను ఒక్కటే కాదు. నా లెక్క కూడా.

ముందు నా లెక్క సంగతి చెప్పాలి. నేను ఇలోయిలో అనే నగరంలో ఒక కాలేజీలో గణితం చెబుతాను. నలభై ఏళ్ళు దాటాక నాకు డాక్టరేట్ పిచ్చి పట్టింది. మనుషుల మధ్య బంధాలు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి అన్నది సూత్రంలో పెట్టాలని. మనిషంటే ఒక చుక్క, బంధమంటే ఒక గీత. కొత్త చుక్క వచ్చినప్పుడు అది ఏ పాత చుక్కతో గీత కలుపుకుంటుందో చెప్పగలిగితే చాలు, ఊరు మొత్తం కాగితం మీద దానంతటదే పెరుగుతుంది.

అందుకు మా ఊరు తినాగ్‌బాన్ కంటే మంచి చోటు లేదనుకున్నాను. మా దగ్గర బిడ్డకి జ్ఞానస్నానం చేయించేటప్పుడు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి నిలబడతారు. ఆ రోజు నుంచి రెండు కుటుంబాలూ చుట్టాలే. కష్టం వస్తే ఆ తలుపు తట్టవచ్చు. ఆ పేర్లన్నీ పంతొమ్మిదివందల యాభై నుంచి చర్చి రిజిస్టర్లలో ఉన్నాయి. ఫాదర్‌ని బతిమాలి, రెండు వేసవి సెలవులు ఆ దుమ్ములో కూర్చుని అంతా కంప్యూటర్లోకి ఎక్కించాను.

సూత్రం అద్భుతంగా కుదిరింది. బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులు ఎవరి వైపు చూస్తారు? అప్పటికే ఎక్కువ మందికి జ్ఞానతల్లి అయినవాళ్ళ వైపు. పది మంది ఉన్నామె గుమ్మం ఎక్కే అవకాశం ఇద్దరే ఉన్నామె గుమ్మం ఎక్కే అవకాశానికి ఐదు రెట్లు. అలా ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దిమంది దగ్గరే గీతలన్నీ గుత్తులుగా పోగవుతాయి. బియ్యం మిల్లు అమ్మగారు దోన్యా కార్మేలింగ్‌కి తొంభై నాలుగు మంది. దోన్యా అని మేం గొప్పింటి ఆడవాళ్ళనే అంటాం. పాత మేయరుగారికి ఎనభై. కాగితం మీద నేను పెంచిన ఊరూ, రిజిస్టర్లో పెరిగిన ఊరూ ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఆ రోజు నా భార్యకి ఫోన్ చేసి పాట పాడాను. ఆమె పెట్టేసింది.

ఒక పని మాత్రం చేశాను, అప్పట్లో అది తప్పని తోచలేదు. ఒకే ఒక్క గీత ఉన్న చుక్కలు లెక్కకి బరువు, ఫలితానికి దండగ అని వాటినన్నింటినీ తీసేశాను. ఇలుమినాదా పబియోనా పేరు దగ్గర ఉన్నది ఒక్క గీతే, ఆమెకే జ్ఞానస్నానం చేయించిన నాటిది. ఆ తుడుపులో ఆమె కూడా పోయింది. నేను గమనించను కూడా లేదు.

ఈ సంగతి మా మునిసిపాలిటీలో విపత్తుల పని చూసే రేనాంటే అనే అతని చెవిన పడింది. మా ఊరు సముద్రం ఒడ్డున ఉంటుంది. తుఫాను వస్తే మైకులో అరిస్తే ఎవరూ వినరు, ప్రతి ఏడూ అరుస్తూనే ఉంటారు కాబట్టి. తెలిసినవాళ్ళు చెబితే కదులుతారు. "సర్, ఏ ఇళ్ళకి ఫోన్ చేస్తే ఊరంతా తెలుస్తుందో మీ లెక్క చెప్పగలదా?" అని అడిగాడు. చెప్పగలదా అని అడగడమేమిటి! పన్నెండు ఇళ్ళ పేర్లు రాసిచ్చాను. ఈ పన్నెండుకి చెప్పండి, రెండు చేతులు మారేసరికి ప్రతి గడపకీ మాట చేరుతుందని సంతకం కూడా పెట్టాను.

డిసెంబరు మొదటి మంగళవారం ఉత్తరానికి పోవలసిన తుఫాను మా వైపు తిరిగింది. సాయంత్రం నాలుగింటికల్లా సముద్రం ఊళ్ళోకి వస్తుందని పొద్దున ఏడింటికి వాతావరణ కేంద్రం చెప్పింది. రోసెల్ ఇల్లు ఒడ్డు వరసలో ఉంది, నీళ్ళకి నలభై అడుగుల దూరంలో. వెదురు ఇల్లు. మొగుడు ఓడ మీద పనికి పోయాడు. దానికి ఎనిమిదో నెల. ఫోన్ కలవడం లేదు.

నాకు భయం వేయలేదు. ఎనిమిదింటికి రేనాంటే మెసేజ్ పెట్టాడు. పన్నెండు ఇళ్ళకీ చెప్పేశాం సర్, అందరూ అలాగే అన్నారు అని. ఆ మెసేజ్ స్టాఫ్ రూములో నలుగురికి చూపించి కాఫీ తాగాను. పదింటికి, ఉట్టి గొప్ప కోసమే, దోన్యా కార్మేలింగ్ ఇంటికి నేనే ఫోన్ చేశాను. కాపలా మనిషి ఎత్తాడు.

"అమ్మగారు ఉన్నారా?"

"మనీలాలో ఉన్నారు సర్. మూడేళ్ళయింది వచ్చి."

"మరి పొద్దున ఆఫీసు వాళ్ళు తుఫాను సంగతి చెప్పారుగా?"

"చెప్పారు సర్. అలాగే అన్నాను."

"ఎవరికి చెప్పావు?"

కాస్త ఆలోచించాడు. "కుక్కల్ని లోపల కట్టేశాను సర్."

పాత మేయరుగారింట్లో కోడలు ఎత్తింది. ఆమె వచ్చి ఆరు నెలలే అయింది, ఒడ్డు వరస ఎటుందో కూడా తెలియదు. మూడో ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. సూత్రం మీద సంతకం పెట్టిన చేత్తోనే బండి తాళం తీసుకున్నాను.

వంతెన దగ్గర చెట్టు పడి దారి మూసుకుపోయింది. బండి అక్కడే వదిలేసి ఐదు కిలోమీటర్లు వానలో నడిచాను. దారిపొడవునా ఎవరిని తిట్టుకున్నానో చెబితే బాగుండదు, ఎక్కువ భాగం నన్నే. ఒడ్డు వరసకి చేరేసరికి రెండున్నర. మనిషన్నవాడు లేడు. తలుపులు తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. రోసెల్ ఇంటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద అన్నం గిన్నె. దాని చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. చెప్పులు లేకుండా నా చెల్లెలు పెరట్లోకి కూడా వెళ్ళదు. నేను ఆ గుమ్మంలో కూలబడిపోయాను.

పడవని పైకి లాక్కుంటున్న ముసలాయన నన్ను చూసి అరిచాడు. "అక్కడేం చేస్తున్నావయ్యా, సముద్రానికి స్వాగతం చెబుతావా? అందరూ గుట్ట మీద బడికి వెళ్ళిపోయారు!"

గుట్ట ఎలా ఎక్కానో గుర్తు లేదు. బడి మూడు గదుల్లో మూడు వందల మంది ఉన్నారు. రోసెల్ నల్లబల్లకి చేరగిలబడి, ఎండుచేప నంజుకుంటూ అన్నం తింటోంది. కాళ్ళకి మగవాళ్ళ రబ్బరు బూట్లు. నన్ను చూసి మొహం చిట్లించింది.

"ఇప్పుడా రావడం మానోంగ్?" మానోంగ్ అంటే అన్న. "నీ పన్నెండు ఇళ్ళ వాళ్ళు ఏరి? ఒక్కడి మొహం కూడా కనపళ్ళా."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "మరి నీకెవరు చెప్పారే?"

"ఇంకెవరు, నానాయ్ లూమింగ్. నేను రానన్నా. ప్రతిసారీ ఇంతే, వానొస్తుంది పోతుంది, ఈ కడుపేసుకుని గుట్టెక్కలేను అన్నా. నా రెక్క పుచ్చుకుంది చూడు, ఇదిగో, ఇంకా ఎర్రగా ఉంది." రోసెల్ గొంతు తగ్గించింది. "ఏమందో తెలుసా? 'ఒకసారి నిన్ను నీళ్ళ మీద పట్టుకున్నాను ఇందాయ్, జారనివ్వలేదు. ఇప్పుడు జారనిస్తానా?' అంది. నాకేం అర్థం కాలేదు. కానీ ఆ మాట విన్నాక కాదనలేకపోయా. చెప్పులు వేసుకోనివ్వలేదు, ఎవరివో బూట్లు తొడిగి లాక్కొచ్చింది."

నానాయ్ లూమింగ్ వరండాలో జావ వడ్డిస్తోంది. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి చేతిలో గిన్నె పెట్టింది.

"తాగు తోతో. తడిసిన కోడిలా ఉన్నావు." మా వైపు పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని ఇందాయ్ అనీ, మగపిల్లల్ని తోతో అనీ అంటారు, ఆ పిల్లలకి తలలు నెరిసినా సరే.

"ఊరంతా మీరే తిరిగి చెప్పారా నానాయ్?"

"నా మోకాళ్ళతోనా? ఏడుగురికి చెప్పా. బస్సు కండక్టరు నా ఇంటి ముందు ఆగి అరిచాడు, సముద్రం వస్తోందంట అని. వాడికి అబద్ధమాడే తెలివి లేదు, పసివాడప్పటి నుంచీ తెలుసు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే టెర్యాకి చెప్పా, వలల దగ్గర ఇద్దరికి, టీచరమ్మకి... వాళ్ళు వాళ్ళవాళ్ళకి చెప్పుకున్నారు. నీ చెల్లెలు మొండిదని నేనే వెళ్ళా."

నాలుగింటికి సముద్రం వచ్చింది. గుట్ట మీది నుంచి చూశాం. ఒడ్డు వరసలో అరవై ఒక్క ఇళ్ళు ఉండేవి. ఆరింటికి పంతొమ్మిది మిగిలాయి. రోసెల్ ఇల్లు లేదు. ఒక్క మనిషి ప్రాణం కూడా పోలేదు. నా పక్కన నా చెల్లెలు కడుపు మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నేను దాన్ని ముట్టుకుని చూసుకుంటూ ఉన్నాను, విసుక్కుని తోసేసే దాకా.

నేను పన్నెండు ఇళ్ళు చెప్పాను, ఒక్క మాట చేరలేదు. ఆమె ఏడుగురికి చెప్పింది, మూడు వందల మంది కదిలారు. నా చిత్రంలో ఆమె లేనే లేదు. ఇది ఎలా? వారం తర్వాత రిజిస్టరు కాగితాల కట్టతో ఆమె ఇంటికి వెళ్ళాను. అప్పుడు చూశాను తలుపు వెనక గౌను. చూడగానే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు అంతా తెలిసిపోయింది. తెలిసిపోయిందనడం కూడా అబద్ధమే. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు.

గొప్పవాళ్ళని జ్ఞానతల్లిగా ఉండమని అడుగుతాం. వాళ్ళు ఒప్పుకుంటారు. తీరా ఆ రోజు రారు. మనీలాలో పని, తలనొప్పి, వాన. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటాడు, ఫాదర్‌కి ఇంకో పూజ ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు రోడ్డు దాటి వెళ్ళి నానాయ్ లూమింగ్‌ని పిలుచుకొస్తారు. ఆమె నీలం గౌను వేసుకుని వచ్చి బిడ్డని నీళ్ళ మీద పట్టుకుంటుంది, కొవ్వొత్తి పట్టుకుంటుంది, చెప్పవలసిన మాటలు చెబుతుంది. రిజిస్టర్లో మాత్రం రానామె పేరే రాస్తారు. ఫోటో తీసేటప్పుడు నానాయ్ పక్కకి జరిగిపోతుంది, ఎందుకంటే ఆ ఫోటో రానామెకి పంపాలి. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తితే గొప్పవాళ్ళు రాలేదని వేలెత్తి చూపినట్టవుతుంది. ఆ మర్యాద ఎంత బాగా నేర్చుకున్నామంటే, నేను రెండు వేసవులు రిజిస్టర్ల మీద కూర్చుని కూడా ఒక్కసారి తలెత్తి రోడ్డవతలికి చూడలేదు.

"నానాయ్, ఈ పేర్లు చదువుతాను. ఎవరిని మీరు పట్టుకున్నారో చెప్పండి."

"అవన్నీ ఎందుకిప్పుడు? ఆ పెద్దవాళ్ళు వింటే నొచ్చుకుంటారు."

"నొచ్చుకోనివ్వండి. కుక్కల్ని లోపల కట్టుకున్నారు వాళ్ళు."

ఆమె నవ్వింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కూర్చుంది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. నేను పేరు చదవడం, ఆమె కళ్ళు మూసుకుని చెప్పడం. "నేనే. నీళ్ళు పడగానే తుమ్మాడు." "నేను కాదు, ఆవిడ వచ్చింది, మంచి మనిషి." "నేనే. దీనికి కాలికి ఆరు వేళ్ళు, మేజోడు తొడిగి దాచారు." ఎక్కడా తడబడలేదు. గుర్తుగా ఏదైనా దాచుకున్నారా అని అడిగాను. పట్టుకున్న కొవ్వొత్తి తనకే ఇచ్చేసేవాళ్ళట.

"అయితే ఉన్నాయా అవి?" నాకు ఆశ పుట్టింది. పరిశోధన చేసేవాడికి రుజువు దొరకడం కంటే ఏం కావాలి?

"ఎక్కడివి? కరెంటు పోయినప్పుడల్లా వెలిగించేశా."

రెండో రోజు ఒక పేజీ దగ్గర నేను ఆగాను. పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిది, మే నెల. ఎఫ్రెన్ సలవేరియా. జ్ఞానతల్లి దోన్యా కార్మేలింగ్. ఎఫ్రెన్ అంటే నేనే. ప్రతి క్రిస్మస్‌కీ ఆ మిల్లు ఇంటి ముందు వరసలో నిలబడి, దీవెన కోసం ఆమె చేతిని నుదుటికి ఆనించుకుని, ఆమె ఇచ్చిన బిస్కట్ల డబ్బా పట్టుకొచ్చినవాణ్ణి. ఉద్యోగం వచ్చాక కూడా కేకు పట్టుకుని వెళ్ళినవాణ్ణి. ప్రతిసారీ ఈ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళాను.

పేరు చదవలేకపోయాను. కళ్ళు మూసుకునే ఆమె అడిగింది. "ఆగావేం? తర్వాతది నువ్వేగా?"

"మీరేనా నానాయ్?"

"గౌను మీద పోశావు. అప్పుడు పసుపు గౌనుండేది. మళ్ళీ వేసుకోలేదు." కళ్ళు తెరిచి నన్ను చూసి ఆమె కంగారు పడింది. "అయ్యో, ఏడుస్తావేం? మరక పోయిందిలే. పైగా నీ కొవ్వొత్తి లావుది. ఆ ఏడు పెద్ద గాలివానకి కరెంటు పోతే నాలుగు పూటలు వెలిగావు తోతో."

నలభై ఏళ్ళు ఆ చేతిని నేను నుదుటికి ఆనించుకోలేదు. అప్పుడు ఆనించుకున్నాను. వేడిగా ఉంది, ఇస్త్రీ వాసన. ఆమె మరో చేత్తో నా తల నిమిరి, "సరే, తర్వాత పేరు చదువు, చీకటి పడితే గుడ్డలు ఆరవు" అంది.

మొత్తం రెండువందల ముప్పై ఒకటి. దోన్యా కార్మేలింగ్ పేరు మీదున్న తొంభై నాలుగులో డెబ్బై ఒకటి ఈమెవే. గొప్పవాళ్ళకి ఎంత పేరు పెరిగితే వాళ్ళు రావడం అంత తగ్గింది, ఈమె అంత ఎక్కువ సార్లు రోడ్డు దాటింది. ఒకసారి పిలిచినవాళ్ళు ఇంకోసారీ ఈమెనే పిలిచారు. అంటే నా సూత్రం తప్పు కాదు. ఉన్నవాళ్ళ దగ్గరికే ఇంకా చేరతారన్నది నిజమే. ఎవరి దగ్గర ఏముందో చూడటంలోనే నేను గుడ్డివాణ్ణయ్యాను. గీతలు రెండు రకాలుగా గీసి మళ్ళీ లెక్క కట్టాను. పేరు రాసినందుకు ఒకటి, వచ్చి నిలబడినందుకు ఒకటి. తుఫాను రోజు ఎవరి మాట విని కదిలారని బడిలో ఉన్నవాళ్ళని అడిగి చూస్తే, మాట నడిచింది దాదాపుగా రెండో రకం గీతల వెంటే. పాత థీసిస్ వెనక్కి తీసుకుని కొత్తది రాశాను. రేనాంటేకి కొత్త కాగితం ఇచ్చాను. అందులో మొదటి ఇల్లు చర్చి ఎదురిల్లు. మునిసిపాలిటీ ఆమెకి ఫోన్ కొనిచ్చింది. దాన్ని ఆమె బిస్కట్ల డబ్బాలో పెట్టి మూత వేసింది. మోగితే వినపడేలా మూత తీసి పెట్టమని చెప్పడానికి మూడుసార్లు వెళ్ళవలసి వచ్చింది. వంక దొరికినందుకు నాకు సంతోషంగానే ఉంది.

కొత్త చిత్రం అచ్చు వేయించి తీసుకెళ్ళి చూపించాను. మధ్యలో పెద్ద చుక్క, దాని చుట్టూ గీతలు. చాలాసేపు చూసింది.

"ఇది నేనా?"

"మీరే."

"ఇంత లావున్నానా?" అని, కాగితాన్ని గౌను పక్కనే మేకుకి గుచ్చింది.

జనవరిలో రోసెల్‌కి ఆడపిల్ల పుట్టింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం జ్ఞానస్నానం. చర్చిలో మేమంతా నిలబడ్డాం. రోసెల్ తనే రోడ్డు దాటి వెళ్ళి నానాయ్ లూమింగ్‌ని తీసుకొచ్చింది. నీలం గౌను, వెంట్రుక కూడా చెదరలేదు. ఆమె అలవాటు ప్రకారం బిడ్డని అందుకుంది, మెడ కింద చేయి పెట్టి సర్దింది. ఆ తర్వాత గుమ్మం వైపు చూసి, రోసెల్ చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఎవరి బదులు నిలబడాలి ఇందాయ్? పేరు చెప్పు, ఫాదర్ అడుగుతారు."

రోసెల్ నా వైపు చూసింది. నేను ఫాదర్ వైపు చూశాను. అప్పటికే రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని ఉన్న ఫాదర్ తలెత్తకుండానే అన్నారు.

"ఎవరి బదులూ కాదు లూమింగ్. నీ పేరు చెప్పు, రాసుకోవాలి."

ఆమె ఒక్క క్షణం తెల్లబోయింది. రెండు వందల సార్లకి పైగా ఎవరెవరి పేర్లో తడుముకోకుండా చెప్పిన మనిషి. బిడ్డని ఇంకాస్త దగ్గరికి తీసుకుని, కొత్తగా నేర్చుకుంటున్నట్టు ఒక్కో అక్షరమే పలికింది.

"ఇలుమినాదా పబియోనా."

ఫోటో తీసేటప్పుడు ఆమె పక్కకి జరగబోయింది. రోసెల్ ఆమె రెక్క పట్టుకుంది, ఎర్రబడేంత గట్టిగా.